ఇనప బతుకమ్మ

పూలతో బతుకమ్మను పేర్చినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఇనుముతో పేర్చి, ఆ పేర్చిన పుణ్యానికి ఒక ఊరి వరి పంట కోతను ఆపబోయిన ఘనురాలు మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. ఈ ముచ్చట ఇన్నాళ్లూ మా ఉప్పల్ ఇల్లు, నాచారం షెడ్డు దాటి బయటికి పొక్కలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వండి, పరవాలేదు. మధ్యలో ఒకచోట నాకు నిజంగానే ఏడుపొచ్చింది, అక్కడ మాత్రం కాస్త ఆగి నవ్వండి.

మాది కాకినాడ. పెళ్లయి ఇటు వచ్చాక అది నా మొదటి దసరా. మా మామగారు యాదగిరికి నాచారంలో రేకుల షెడ్డు ఉంది. పాత ఇంజన్ బ్లాకుల్ని బాగుచేయడం ఆయన పని. మా ఆయన శ్రీకాంత్ కూడా అందులోనే. మా అత్తగారు అంజమ్మ పెళ్లయినప్పటి నుంచీ ఆ షెడ్డుకి అన్నం క్యారేజీ మోస్తోంది కానీ, లోపల ఏం చేస్తారో ఏనాడూ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం అంటుంది.

బ్లాకంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. ఇంజనుకి అది ఒళ్లు. పిస్టన్లు ఆడే గొట్టాలు, నీళ్లు తిరిగే దారులు, ఆయిల్ పారే సందులు, అన్నీ ఆ ఒక్క ఇనప దిమ్మలోనే ఉంటాయి. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి దాన్ని తయారుచేస్తారు. మా మామగారు వయసులో ఉన్నప్పుడు చర్లపల్లిలో ఒక ఫౌండ్రీలో ఆ అచ్చులు కట్టేవారట. లోపల ఎక్కడెక్కడ ఖాళీ ఉండాలో అక్కడంతా ముందు ఇసుకతో ఆ ఆకారం చేసి నిలబెడతారు. చుట్టూ ఇనుము పోసి, అది గట్టిపడ్డాక ఇసుకను కొట్టి రాల్చేస్తారు. ఆయనకు ఇప్పటికీ బ్లాకు కనిపిస్తే ముందు ఇనుము కాదు, లోపల రాలిపోయిన ఇసుకే గుర్తొస్తుందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నా దృష్టిలో బ్లాకంటే షెడ్డులో కాలికి అడ్డం పడే మసి సామాను.

ఆ దసరాకి షెడ్డులో మూడు బ్లాకులున్నాయి. మూడూ ఒకే కంపెనీవి, ఒకే మోడలు. ఒకటి జనగామ వైపు నుంచి వచ్చిన సోమయ్యగారి వరికోత మిషనుది. రెండోది ఒక ఫంక్షన్ హాల్ జనరేటరుది. మూడోది బోర్లు వేసే లారీ మీది కంప్రెసరుది. ఒకే అచ్చులో పుట్టి, ఒకటి వరి కోస్తుంది, ఒకటి పెళ్లిళ్లకు దీపాలు వెలిగిస్తుంది, ఒకటి భూమికి చిల్లు పెడుతుంది. మా కాకినాడ రేవులో వేటకెళ్లే పడవల్లో కూడా ఇలాంటివే ఉంటాయని మా ఆయన చెప్పినప్పుడు, నాకు వాటి మీద పుట్టింటి అభిమానం పుట్టుకొచ్చింది. నా కొంప ముంచింది ఆ అభిమానమే.

పండగ ముందురోజు సంగతి. మామగారు ఉప్పల్ మార్కెట్‌కి గుమ్మడికాయకీ బంతిపూలకీ వెళ్లారు. మా ఆయన ఎవరిదో సామాను దింపి రావడానికి పోచారం వెళ్లాడు. పనివాళ్లు అప్పటికే ఊళ్లకి పోయారు. మర్నాడు షెడ్డులో ఆయుధ పూజ. శుభ్రం చేయడానికి నేనూ అత్తగారూ వెళ్లాం. వెళ్లేముందు మామగారు ఒక్కటే మాట చెప్పారు, నేల ఊడిస్తే సాలు బిడ్డా అని.

మీరే చెప్పండి. కొత్త కోడలు ఎక్కడైనా ఊడ్చి ఊరుకుంటుందా? ఊడవడం అందరూ చేస్తారు. కోడలు వచ్చాక షెడ్డు మెరిసిందని నాచారం అంతా చెప్పుకోవాలి కదా. నేల ఊడ్చి, గోడల బూజు దులిపి, ఇంకేం చేద్దామా అని చూస్తుంటే గోడ మేకులకు వేలాడుతూ మూడు ఇనప గుత్తులు కనిపించాయి. సగం గాజులా వంపు తిరిగిన ఇనప ముక్కలు, ఏడేసి చొప్పున బైండింగు తీగకు గుచ్చి ఉన్నాయి. ఒక్కో గుత్తి మీద సుద్దముక్కతో ఏదో గీత. జిడ్డు, మసి. వాటిని క్యాపులంటారని మాత్రం నాకు తెలుసు. క్యాపంటే మూతే కదా అనుకున్నాను. మా ఇంట్లో డబ్బాల మూతలన్నీ కలిపి ఒకేచోట తోముతాం. తోమాక ఏ మూత ఏ డబ్బాకి సరిపోతే దానికి పెడతాం.

తీగలు కత్తిరించాను. ఇరవైయొక్క క్యాపుల్నీ ఒకే టబ్బులో వేశాను. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుపొడితో ఒకసారి కడిగాను. తృప్తి కలగలేదు. ఇంటి నుంచి తెచ్చిన చింతపండుతో, పండగకి ఇత్తడి బిందెలు తోమినట్టు తోమాను. అత్తగారు మొదట గుమ్మం దగ్గరే నిలబడి, వాటిని ముట్టొచ్చో లేదో ఆయన్ని ఫోన్ చేసి అడుగుదామంది. తోముతుంటే వెండిలా తేలుతున్న మెరుపు చూసి ఆవిడకీ చెయ్యి ఊరుకోలేదు. కొంగు బిగించి కూర్చుంది. కాసేపటికి కడిగినవాటి మీద ఎర్రగా తుప్పు పొర లేవడం మొదలైతే, ఆ ఉపాయమూ ఆవిడే చెప్పింది. కొబ్బరినూనె తెప్పించి ఒక్కోదానికీ తలంటు పోసినట్టు పట్టించాం.

ఇక వాటిని ఎలా పెట్టాలి? మొన్న సద్దుల బతుకమ్మ నాడు అత్తగారు తాంబాలంలో తంగేడు, గునుగు వరసలు వరసలుగా పేరుస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. మా కాకినాడలో ఆ పండగ లేదు. ఇప్పుడు నా చేతిలో వెడల్పువీ, సన్ననివీ క్యాపులున్నాయి. వెడల్పువి కింద, సన్ననివి పైన, గుండ్రంగా వరసలు పేర్చాను. సందుల్లో మిగిలిన తంగేడు పూలు గుచ్చాను. అత్తగారు దానిమీద పసుపు, కుంకుమ పెట్టి, కొంచెం వెనక్కి జరిగి చూసి, మస్తున్నది బిడ్డా, మీ మామ సూస్తే దిమ్మ తిరుగుతది అంది. ఆవిడ అన్నమాట అక్షరాలా జరిగింది.

మామగారు గుమ్మడికాయ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు. నా ఇనప బతుకమ్మను చూశారు. గోడ మేకుల్ని చూశారు. మళ్లీ బతుకమ్మను చూశారు. గుమ్మడికాయను మెల్లగా నేల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఆయన ఆనందం ఆపుకోలేకపోతున్నారని నేను అనుకున్నాను.

"తీగెలు ఏడున్నయి బిడ్డా?"

"పారేశానండి మామయ్యగారూ. తుప్పుపట్టిపోయాయి."

"మరి సుద్ద గీతలు?"

"కడిగేశానండి. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆయన అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయారు. మా అత్తగారికి మొగుడి ముఖం చదవడం వచ్చు కాబట్టి, అప్పటిదాకా నా పక్కన నిలబడ్డ మనిషి రెండడుగులు అవతలికి జరిగి, నేను ముందే వద్దన్న అంది. అత్తాకోడళ్ల ఐకమత్యం ఆ షెడ్డులో బతికింది ఒక్క మధ్యాహ్నమే.

మామగారు కేకలేసే మనిషి కాదు. వేసినా బాగుండేది. నన్ను పిలిచి, అప్పుడే తిరిగొచ్చిన మా ఆయన చేత బ్లాకును బోర్లా తిప్పించి, అడుగున వరసగా ఉన్న అర్ధచంద్రాల్లాంటి పళ్లేలు చూపించారు. పిస్టన్ల ఊపును గుండ్రటి తిప్పుడుగా మార్చే ఇరుసు, క్రాంకు షాఫ్టు, వాటిలో పడుకుంటుంది. పైన ఈ క్యాపులు పెట్టి బిగిస్తే సగం, సగం కలిసి నిండు సున్నా అవుతుంది. ఫ్యాక్టరీలో ముందు క్యాపులన్నీ బిగించేసి, ఆ తర్వాతే ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే వరసలో గుండ్రంగా తొలిచి బోరు కొడతారట. అంటే ఏ క్యాపు ఏ పళ్లెంతో కలిసి కోతపడిందో దానికే సరిపోతుంది. పక్క బ్లాకు క్యాపు పెడితే పైకి అతికినట్టే ఉంటుంది కానీ, వెంట్రుకలో ఎన్నో వంతు తేడా వస్తుంది. ఆ తేడాతో ఇంజన్ నడిపితే క్రాంకు తిరగకుండా పట్టేస్తుంది.

"కానీ మామయ్యగారూ, వీటిమీద నంబర్లున్నాయి కదండీ" అన్నాను ఆశగా.

"నంబరు వరుస జెప్తది. ఒకటోదా, రెండోదా అని. ఏ బ్లాకుదో జెప్పదు. గది జెప్పేటియి తీగె, సుద్ద."

ఒకే అచ్చులో పుట్టిన మూడూ ఒకటే అనుకున్నాను. పుట్టాక దేని కోత దానిదే అయిందని ఆ రోజు తెలిసింది. దాన్ని గురించి తీరిగ్గా ఆలోచించే అవకాశం అప్పుడు లేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే సోమయ్యగారి ఫోన్ వచ్చింది.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. వాళ్ల ఊళ్లో వరి కోతకొచ్చింది. ఆ చుట్టుపక్కల చేతికందే కోత మిషను ఈయనదే, మిగతావన్నీ వేరే మండలాలకి ముందే మాట్లాడుకుని పోయాయి. నాలుగు రోజుల్లో వానలని టీవీలో చెబుతున్నారు. పండిన చేను మీద వాన పడితే వరి పడిపోతుంది, గింజ మొలకెత్తుతుంది. అందుకని దసరా రోజే వచ్చి బ్లాకు తీసుకుపోతానన్నాడు. ఏడాదికొక్క పండగ, ఆ పూట కూడా ఇల్లు విడిచి వస్తున్నాడు. మామగారు నా వైపు చూసి, రా సోమన్నా అన్నారు.

క్యాపులు కలవకపోతే మూడు బ్లాకులకీ మళ్లీ బోరు కొట్టించాలి. ఆ పెద్ద మిషను మా దగ్గర లేదు, ఉన్నవాళ్లు పండగకి మూసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే నేనెన్నడూ చూడని ఊళ్లో, చూడని చేను, వానలో పడుకుని కనిపించింది. నాకు ఏడుపొచ్చింది అక్కడే. కోడలిగా నా పరువు ఏమవుతుందో అన్న దిగులు ఎప్పుడో పోయింది.

తెల్లారాక ఇంకో చిక్కు. ఆయుధ పూజ రోజున పనిముట్లు ముట్టకూడదు. పానా, సుత్తి, గేజీ, అన్నింటికీ బొట్టుపెట్టి విశ్రాంతి ఇవ్వాలి. పొద్దున్నే ముహూర్తం. ముట్టకుండా ఎలా బిగించి చూస్తాం? మామగారు, మా ఆయన ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, అత్తగారు తీర్పు చెప్పింది. పూజయినంక కదా ముట్టొద్దు. పూజ పొద్దుగూకే ముందట జేసుకుందాం. అమ్మవారికి మనకంటే ఓపిక ఎక్కువ. ఆ మాటతో ఆవిడ మీద నాకు ముందురోజు కలిగిన కోపమంతా పోయింది.

పని ఇలా చేయాలి. ఒక నంబరు క్యాపులు మూడు తీసుకుని, ఒక్కోటీ ఒక్కో బ్లాకుకి పెట్టి బిగించాలి. లోపలికి వేలు పోనిచ్చి, క్యాపూ బ్లాకూ కలిసే గీత మీద గోరు జరపాలి. గోరు తట్టుకుందా, ఆ క్యాపు దానిది కాదు. జారిపోయిందా, దానిదే. అప్పుడు సన్నని తేడాలు కొలిచే గేజీ పెట్టి చూసి ఖాయం చేసుకోవాలి. మామగారి గోళ్లు ఇనుముతో అరిగి అరిగి చితికిపోయాయి, వాటికి ఏ తేడా తెలియదు. మా ఆయన చిన్నప్పటి నుంచీ గోళ్లు కొరుక్కునే మనిషి, వాటిని గోళ్లనడం మర్యాద కోసమే. అత్తగారు మునివేళ్ల దాకా కత్తిరించుకుంటుంది. అందరూ కలిసి నా చేతుల వైపు చూశారు. పండగ కోసం ముచ్చటపడి పెంచుకున్న గోళ్లు, ఎర్రటి రంగుతో సహా సిద్ధంగా ఉన్నాయి.

సగంలో ఉండగా సోమయ్యగారు వచ్చాడు. పొట్టిగా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్న మనిషి. అత్తగారు ఆయన్ని గుమ్మంలోనే ఆపి గారెలు పెట్టింది. తిన్నాక చాయ్ ఇచ్చింది. చాయ్ అయ్యాక మళ్లీ గారెలు పెట్టింది. పాపం ఆయన ఎంతసేపని తింటాడు? లోపల ఏమైందో నిజం చెప్పమని అడిగాడు. మామగారు తడుముకోకుండా చెప్పేశారు. కోడలు చేసిందని చెప్పలేదు, షెడ్డులో క్యాపులు కలిసిపోయాయన్నారు. నేనే ముందుకొచ్చి, నేను కలిపేశానండి అన్నాను.

సోమయ్యగారు నన్ను తిట్టలేదు. బయటికి వెళ్లి మబ్బుల వైపు చూసి వచ్చాడు. "మొగులైతుందమ్మా. ఊరోళ్లు నా మీదనే ఆశ వెట్టుకున్నరు" అని, తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, బ్లాకులు తిప్పడానికి ఒక చెయ్యి వేశాడు. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా నాకు సుఖంగా ఉండేది.

మధ్యాహ్నానికి సోమయ్యగారి బ్లాకుకి ఏడూ కుదిరాయన్నాను. గేజీ ముల్లు రెండుచోట్ల కొంచెం అటూ ఇటూ అంటోంది కానీ, గోరు జారుతోందని నేను గట్టిగా చెప్పాను. క్రాంకు పెట్టి, ఆయిల్ రాసి బిగించారు. మామగారు చేత్తో తిప్పారు. సగం తిరిగి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పితే మళ్లీ అక్కడే ఆగింది. పెళ్లప్పుడు మా వాళ్లు నాకు చెప్పిన మాట ఏదో నోట్లోంచి వచ్చేసింది.

"కొన్నాళ్లు తిరిగితే అదే సర్దుకుంటుందేమోనండి?"

"ఇనుము సర్దుకోదు బిడ్డా. మనుషులే సర్దుకుంటరు."

"ఎవలు సర్దుకున్నరో నాకు తెల్వదా" అంది అత్తగారు గుమ్మంలోంచి. మామగారు వినబడనట్టు ఊరుకుని, నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు.

"గిదేంది, గోరుకు?"

రంగు. రెండు పూతలు, పైన మెరుపు పూత ఇంకొకటి. వెంట్రుకలో వంతు తేడాను గోరుతో పట్టాల్సిన మనిషిని, గోటికి చొక్కా తొడిగి కూర్చున్నాను. ఆ రంగు ముందు తట్టుకున్నది ఏది, జారింది ఏది? తోమకూడనిది తోమాను, తుడవాల్సింది తుడవలేదు. మా ఆయన గోడ వైపు తిరిగి నవ్వాడు. ఆ వీపు నేనింకా మరచిపోలేదు.

పెయింటు బల్ల మీది థిన్నరు గుడ్డతో రుద్ది రుద్ది రంగు వదిలించుకున్నాను. అనుమానం ఉన్న క్యాపుల్ని విప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాం. ఒట్టి గోటికి తేడా ఎంత స్పష్టంగా తెలిసిందో చెప్పలేను. అన్నంలో రాయి పంటికి తగిలినట్టు తెలిసింది. మూడో నంబరువి, ఐదో నంబరువి నేను జనరేటరుకీ కోత మిషనుకీ తారుమారు చేశాను. మార్చాక గేజీ ముల్లు కూడా నోరు మూసుకుంది. క్రాంకు మళ్లీ పెట్టి బిగించారు. మామగారు దాన్ని ముట్టుకోలేదు. నన్ను తిప్పమన్నారు.

ఒక్క వేలితో నెట్టాను. తిరిగింది. ఆగకుండా, చప్పుడు లేకుండా, నేను వేలు తీశాక కూడా కాస్త తిరిగింది. సోమయ్యగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతుండగా పూజ చేశాం. బ్లాకులకు బొట్లు పెట్టాం. గుమ్మడికాయ కొట్టాం. సోమయ్యగారు జమ్మి ఆకు మా అందరి చేతుల్లో పెట్టి, బ్లాకును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, దాని మీద టార్పాలిన్ కప్పి తాళ్లు కట్టుకుని వెళ్లాడు. దాన్ని ఇంజన్‌గా బిగించే మెకానిక్ వాళ్ల ఊళ్లోనే సిద్ధంగా ఉన్నాడట. మిగతా రెండు బ్లాకుల క్యాపులు కుదర్చడం ఇక తేలికే. తీసేయగా మిగిలినవి వాటివే కదా.

తర్వాత రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందరం ఆకాశం మాత్రం చూస్తున్నాం. ఉప్పల్‌లో మబ్బు పడితే జనగామలో పడినట్టు కాదని తెలిసినా, మెట్రో లైను పైన కాస్త నల్లగా కనిపిస్తే చాలు, నాకు అన్నం దిగేది కాదు. మూడోరోజు షెడ్డులో మామగారి ఫోన్ మోగింది. ఆయన ఎత్తి హలో అనలేదు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటూ నిలబడ్డారు. కాసేపయ్యాక ఫోన్ నా చేతికిచ్చారు.

అవతల మనిషి మాట లేదు. ఇంజన్ చప్పుడు, దాని వెనక ఎండిన వరి గడ్డి నలుగుతున్న చప్పుడు. ఫోన్‌ని మిషను పక్కన పెట్టి సోమయ్యగారు మాకు వినిపిస్తున్నాడు.

"నీ చేతి ఇంజను బిడ్డా. ఎట్ల నడుస్తుందో విను" అన్నారు మామగారు.

విన్నాను. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. వాన కూడా వచ్చింది కానీ, కోత ముగిసి వడ్లు ఊళ్లోకి చేరాకే వచ్చింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా, స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, ఒట్టి గోళ్లతో ప్రమాణం చేస్తున్నాను. ఒకరు కట్టి పెట్టినదాన్ని, ఎందుకు కట్టారో అడిగి తెలుసుకోకుండా, ఈ జన్మలో నేను విప్పను, తోమను, సర్దను. ఈ వ్రతం ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, మొన్న మా అత్తగారు ఇంట్లో అల్మరా సర్దమని అడిగితే కూడా, ప్రతిజ్ఞ అడ్డొస్తోందని వినయంగా చెప్పి పడుకున్నాను.